అద్దాల సంత – పద్నాలుగో భాగం: చేతి మీద నీళ్లు

మూడేళ్లుగా బుల్లమ్మ వెతుకుతున్న చెయ్యి, పోయిన శుక్రవారం తనంతట తానే వచ్చి ఆమె కౌంటర్ మీద ఆగింది. ఆగినట్టే ఆగి, బస్సు వేళయిందని వెళ్లిపోయింది.

కథ ఆ మలుపులో నిలిచింది కాబట్టి, ఇవాళే చదవడం మొదలుపెట్టినవారి కోసం రెండు మాటలు. బుల్లమ్మ భర్త కాశయ్య, కిరందుల్ కొండల మీది నుంచి ఇనుప ఖనిజం దించే టిప్పర్ డ్రైవరు. మూడేళ్ల కిందట, వానాకాలంలో ఒక మధ్యాహ్నం, కొండ దిగువన కల్వర్టు దగ్గర అతని బండి బోల్తా కొట్టింది. రోడ్డు మీద పడి అక్కడికక్కడే ప్రాణం పోయిందనీ, ఆ సమయంలో దగ్గర మనిషన్నవాడు లేడనీ ఆమెకు చెప్పారు. అయితే ఆమెకు అప్పగించిన శరీరం మీద ఎర్రంచు నేతగుడ్డ ఒకటి కప్పి ఉంది. గంజివాసన కూడా పోని కొత్తది. పసిపిల్లను పడుకోబెట్టి కప్పినట్టు దాని అంచుల్ని భుజాల కిందికి ఒత్తి ఉంచారు. ఒక మూల ముడి వేసి, ముడిలోంచి చెవిలాగా లాగిన కొసను మళ్లీ ముడిలోకే దోపారు. ఎవరూ లేని చోటికి ఆ గుడ్డ ఎలా వచ్చింది? బుల్లమ్మ అడగని మనిషి లేడు. చివరికి, ఆ కల్వర్టుకు ఎదురుగా లేచిన పెద్ద మాల్‌లోనే పనికి చేరింది. ఆ దారిన తిరిగేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి రాకపోరని ఆమె ఆశ. పోయిన శుక్రవారం ముయె అనే పెద్దావిడ ఒక మూట తెచ్చి, వాపసు కౌంటర్ మీద పెట్టింది. ఆ మూటకు అదే ముడి ఉంది.

మూటలో ఉన్నది ఇక్కడ కొన్న దుప్పటే. దాన్ని ముయె బుల్లమ్మ చేతికి ఇవ్వలేదు. అమ్మిన పిల్ల ఎక్కడుందని అడిగింది. సంతలో తీసుకున్న సరుకు తిరిగి ఇవ్వాలంటే, ఇచ్చిన చేతికే ఇవ్వాలి. అది ముయె వైపు ఊళ్లవాళ్ల పద్ధతి. అమ్మిన పిల్ల జోగేకు శుక్రవారం సెలవు. బుల్లమ్మ ఏమైనా అడిగేలోపు, వెనక వరసలోవాళ్లు తొందరపెట్టడంతో, ముయె మూట చంకన పెట్టుకుని మళ్లీ సంతనాడు వస్తానని చెప్పి వెళ్లిపోయింది.

ఆ సంతనాడు ఇవాళ.

*

బుల్లమ్మ పొద్దున్నే లేచి, ట్రంకుపెట్టె అడుగున ఉన్న ఆ గుడ్డను తీసింది. మూడేళ్లలో దాన్ని ఉతకలేదు, విప్పలేదు. అన్నం డబ్బాతో పాటు సంచిలో పెట్టుకుని డ్యూటీకి బయలుదేరింది.

జోగే అప్పటికే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. తర్రెం వైపు పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి. శుక్రవారం పూట పిల్లల్ని వాళ్ల నాన్న బస్సెక్కించి తీసుకొస్తాడు, అందుకే ఆ సెలవు. బుల్లమ్మ అడగ్గానే మరో మాట లేకుండా మార్చుకుంది. "దానికేందక్కా, పిల్లలను రేపు చూస్త. నీ పని కావాలె గదా," అన్నది. ఏ పనో అడగలేదు. అడగకుండా సాయం చేసేవాళ్లు తన చుట్టూ ఇంతమంది ఎలా పోగయ్యారో బుల్లమ్మకు అర్థం కాదు. భర్త పోయిన ఏడాది, గని కూలీల ఇళ్లుండే లేబర్ లైన్లలో ఆమె పొయ్యి వెలిగించని రోజులు చాలా ఉన్నాయి. ఏ రోజూ పస్తు పడుకోలేదు. గిన్నె ఎవరు పెట్టిపోయారో తెలియకుండానే గుమ్మంలో గిన్నె ఉండేది. కడిగి, తిరిగి ఎవరింటికి ఇవ్వాలో తెలియక, అలాంటివి రెండు ఇప్పటికీ ఆమె దగ్గరే ఉన్నాయి.

మాల్ పైన ఎర్రకొండ ఔట్‌లెట్ ప్లాజా అని హిందీలో మనిషెత్తు అక్షరాలున్నాయి. సంతకొచ్చే జనం మాత్రం దాన్ని అద్దాల సంత అంటారు. పెద్ద కంపెనీల బట్టలు, బూట్లు, సంచులు, నగరాల్లో అమ్ముడుపోక మిగిలినవి, కుట్టు కాస్త వంకర పోయినవి, లారీలకు లారీలు ఇక్కడికి వస్తాయి. టౌన్‌షిప్పుల నుంచి కార్లు వస్తాయి. క్యాంపుల్లో ఉండే జవాన్లు సెలవు మీద ఇళ్లకు పోయే ముందు వచ్చి పెళ్లానికొకటి, తల్లికొకటి ఏరుకుంటారు. ఇంతకుముందు ఈ నేల మీదే శుక్రవారం సంత జరిగేది. ఇప్పుడది రోడ్డు దాటి అవతలి గట్టు మీదికి జరిగింది. అక్కడ చింతపండు, ఎండుచేపలు, కోళ్లు, కొడవళ్లు. ఇక్కడ గాజు తలుపులు, చల్లటి గాలి. మధ్యలో రోజంతా ఖనిజం బళ్లు. వాటి దుమ్ము దేన్నీ వదలదు. మాల్ నేలను రోజుకు నాలుగుసార్లు తుడుస్తారు. నాలుగుసార్లూ బకెట్ నీళ్లు కుంకుమ కలిపినట్టు ఎర్రగానే ఉంటాయి.

పదకొండు దాటాక ముయె వచ్చింది. యాభై ఏళ్లు పైబడి ఉంటాయి. మోకాళ్ల కిందికి కట్టిన చీర, తల మీద ఎండకు కప్పుకున్న కొంగు, చంకలో అదే మూట. గాజు తలుపు దానంతటదే తెరుచుకుంటే ఒక్క క్షణం ఆగి, ఎవరో తలుపు పట్టుకుని నిలబడ్డారేమోనని పక్కకు చూసింది. ఎవరూ లేకపోయినా తల ఊపి, లోపలికి అడుగుపెట్టింది.

జోగేను చూడగానే ఆమె ముఖం విచ్చుకుంది. మూట విప్పి దుప్పటి జోగే చేతుల్లో పెట్టి, ఇక తన బరువు దిగిపోయిందన్నట్టు నడుం మీద చేతులు వేసుకుంది. విషయం ఇదీ: ఆమె మనవరాలి కోసం ఒక దుప్పటి కొన్నది. ఇంటికి పోయి సంచి విప్పితే రెండున్నాయి. అమ్మిన పిల్ల చెయ్యి జారి రెండోది పడిందనుకుంది.

"ఈ పిల్ల కొలువు పోతదేమోనని పది దినాలాయె, కంటికి కునుకు లేదు," అన్నది బుల్లమ్మతో.

జోగేకు నవ్వాగలేదు. నవ్వు విని ఫ్లోర్ మేనేజరు భూషణం అటు వచ్చాడు. భూషణం తండ్రి విశాఖ వైపు నుంచి వచ్చి గనుల్లో పనిచేసినవాడు. భూషణం పుట్టిపెరిగిందంతా టౌన్‌షిప్పులోనే. పోయిన శుక్రవారం ఆయన జగదల్‌పూర్ వెళ్లాడు కాబట్టి ముయెను చూడలేదు. ఇప్పుడు దుప్పటి చూసి, రోజుకు ఇరవైసార్లు చెప్పే మాటే ఇంకోసారి మొదలుపెట్టాడు.

"అమ్మా, ఇది ఒకటి కొంటే ఒకటి. రెండోది కంపెనీయే ఇచ్చీసింది. నువ్వేటీ ఎక్కువ పట్టుకెళ్లలేదు."

"కంపెనీ అంటే ఎవరు? పిలువు. ఆ మనిషి చేతిల పెట్టి పోత."

"కంపెనీ ఇక్కడుండదమ్మా."

"ఉండని మనిషి ఇచ్చిండా?" అని ముయె కొంగు వెనక్కి తోసి, తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది.

ముయె చూపు తిప్పుకోలేదు. భూషణం జేబులోంచి ఫోను తీసి, అది మోగకపోయినా చెవి దగ్గర పెట్టుకుని, వెనక ఉన్న గోదాం గదివైపు నడిచాడు. పైనుంచి ఏదో పిలుపు వచ్చిందనుకుంది బుల్లమ్మ.

చిక్కు విప్పింది జోగేనే. దుప్పటిని రెండు చేతులతో అందుకుని గుండెకు ఆనించుకుంది. "అత్తా, నా చేతికి వచ్చింది. చూసినవు గదా? ఇగ నీ మీద ఏం లేదు," అన్నది. తర్వాత అదే దుప్పటిని మళ్లీ ముందుకు చాపింది. "ఇప్పుడు ఇది నేనిస్తున్న. నీ మనవరాలికి. కంపెనీ కాదు, నేను."

ముయె కాసేపు ఆలోచించింది. మాటలో మోసమేమైనా ఉందేమోనని జోగే ముఖాన్ని వెతికింది. లేదని తేలాక దుప్పటి తీసుకుని, నడుం దగ్గరి చిన్న సంచిలోంచి గుప్పెడు సారపప్పు తీసి జోగే దోసిట్లో పోసింది. అక్కడికి ఆ లెక్క ఇద్దరి మధ్యా సరిపోయింది. ముయె దుప్పటిని మూటగట్టి, మూలను ముడివేసింది. ముడిలోంచి చెవిలాగా కొస లాగి, మళ్లీ లోపలికి దోపింది.

బుల్లమ్మ కౌంటర్ తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

"ముయెక్కా, నీతోని పని ఉంది. జర సేపు కూసుందాం రా."

*

అన్నం గంటకు ఇంకా వేళ కాలేదు. తను చూసుకుంటానని జోగే చేత్తోనే సైగ చేసింది. ఇద్దరూ కార్లు నిలిపే మైదానం దాటి, టిప్పర్ల మధ్య సందు చూసుకుని రోడ్డు దాటి, సంత గట్టెక్కారు. ఇనుప సామాను అమ్మే చోటుకు అవతల రేకుల టీ కొట్టుంది, దాని పక్కన రెండు బండరాళ్లు. అక్కడ కూర్చుంటే ఎదురుగా మాల్ మొత్తం కనిపిస్తుంది. ఎడమవైపు కల్వర్టు, దాని గోడకు బుల్లమ్మ నెలనెలా కట్టే బంతిపూల దండ. దండ మీద కూడా దుమ్మే.

దారి పొడవునా బుల్లమ్మ మాటలు పేర్చుకుంది. మూడేళ్లుగా పేర్చుకుంటున్న మాటలే. తీరా కూర్చున్నాక, సంచిలోంచి గుడ్డ తీసి ముయె ఒళ్లో పెట్టింది, అంతే.

ముయె దాన్ని విప్పలేదు. అంచు మీద వేలితో రాసి చూసింది. ముడి దగ్గరకొచ్చేసరికి వేలు ఆగింది. పక్కన ఎవరో కోడి బేరం ఆడుతున్నారు.

"నువ్వు ఆయన ఇంటిదానివా?" అన్నది చివరికి.

బుల్లమ్మ తల ఊపింది.

"ఎన్ని సంతలు చూసినో బిడ్డా. ఆయనోళ్లు ఎవరన్నా వస్తరేమోనని."

ముయెది జగర్గుండా దగ్గరి పల్లె. పుట్టిల్లు తెలుగునేల సరిహద్దున ఉన్న కిష్టారం వైపు, అందుకే తెలుగు వచ్చు. మూడేళ్ల కిందట వానలు ఎక్కువై పొలం మునిగితే, ఈ మాల్ కట్టేచోట ఇసుకా కంకరా మోయడానికి వచ్చింది. అప్పటికి కింది అంతస్తుకు కప్పు పడింది, గోడలు లేవు. ఆ మధ్యాహ్నం వాన కుండపోతగా పడుతుంటే కూలీలంతా ఆ కప్పు కింద నిలబడ్డారు. కల్వర్టు దగ్గర బండి పడిన చప్పుడు వాళ్లందరికీ వినిపించింది. పరుగెత్తినవాళ్లలో ముయె ఉంది. డ్రైవరు బయటికి విసిరినట్టు పడి ఉన్నాడు, నీళ్లు అతని నడుం చుట్టూ పారుతున్నాయి. అక్కడే ఉంచితే నీళ్లలోనే పోతాడని, మోసుకుని కప్పు కిందికి తెచ్చారు. సిమెంటు బస్తాల మీద పడుకోబెట్టారు. ఫోను చేస్తే కొండవాగు పొంగి అంబులెన్సు అవతలే ఆగిపోయిందన్నారు.

ఇదంతా ముయె ఆగి ఆగి, ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ చెప్పింది. బుల్లమ్మ మధ్యలో ఒక్కచోటే అడ్డుపడింది.

"రోడ్డు మీద గాదా?"

"రోడ్డు మీద గాదు," అని ముయె చెయ్యి చాపి మాల్‌ను చూపించింది. "లోపట. వాన పడని జాగాల."

బుల్లమ్మ అటే చూసింది. ఏడాదిన్నరగా తను పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే చోటు. వానలో, బురదలో, టిప్పర్ చక్రాల మధ్య అతన్ని ఊహించుకుని ఆమె ఎన్ని రాత్రులు లేచి కూర్చుందో. ఇప్పుడు ఆ ఊహలో మొదటిసారి వాన ఆగింది.

"ఒక్కడే ఉన్నడా అక్కా?" ఆ ప్రశ్న అడగడానికే ఆమె ఇన్నాళ్లూ బతికి ఉన్నట్టు అడిగింది.

"ఒక్కడెందుకుంటడు? నేనున్న. తల ఇదిగో ఈ ఒడిల పెట్టుకున్న. ఊపిరి ఆగేదాక ఉన్న, ఆగినంక గూడ ఉన్న."

"చలి పెట్టిందా?"

"పెట్టింది. ఒణికిండు. ఆ పొద్దున్నే సంతల నాకని ఈ గుడ్డ కొనుకున్న. అది కప్పిన. సచ్చినోడికి కప్పలేదు బిడ్డా, బతికున్నోడికి కప్పిన. ముడి మాత్రం తర్వాత ఏసిన."

అతను మాట్లాడాడు కూడా. ముయె తెలుగులో పలకరించేసరికి కళ్లు తెరిచాడట. ఏ ఊరని అడిగాడు. నొప్పి గురించి ఏమీ అనలేదు. పైన కప్పుకేసి, చుట్టూ నిలబెట్టిన కర్రలకేసి చూసి, ఇక్కడేం కడుతున్నారని అడిగాడు. సంత అంట, అద్దాలతో కడతారంట అని ముయె చెప్పింది.

"నవ్విండు," అన్నది ముయె. "'మా బుల్లికి సంతంటే పానం. తోలుకొస్త,' అన్నడు. ఆ బుల్లి ఎవరో, బిడ్డనో పెండ్లామో, నాకు ఎర్క లేదు."

బుల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు వస్తుందనుకుంది. వచ్చింది కానీ, ఎప్పుడూ వచ్చే ఏడుపు కాదు అది. కడుపు నిండా తిన్నాక వచ్చే నిట్టూర్పులాంటిది. ఈ భూమ్మీద ఎవరి ఒడి ఖాళీగా ఉందో, ఎవరి చేతిలో కొత్తగుడ్డ ఉందో, సరిగ్గా ఆ మనిషే ఆ గడియకు ఆ చోట ఉండటం ఎంత పెద్ద సంగతో ఆమెకు ఇప్పుడు తెలుస్తోంది. అది చెప్పాలని ముయె చెయ్యి పట్టుకోబోయింది. ముయె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ముట్టకు. ఇంక కడగలే."

బుల్లమ్మకు అర్థం కాలేదు. ముయె విడమరిచి చెప్పింది. వాళ్ల ఊళ్లో, పరాయి మనిషి శవానికి గుడ్డ ముడివేసిన చేతికి, ఆ చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు వచ్చి నీళ్లు పోయాలి. అంతవరకూ ఆ చెయ్యి ఆ ఇంటిదే. వంట చెయ్యొచ్చు, కూలి చెయ్యొచ్చు. కానీ విత్తనాల పండుగనాడు మొదటి గుప్పెడు విత్తనం ఆ చెయ్యి చల్లకూడదు. ఇంట్లో పెద్దదిగా పాతికేళ్లు మొదటి విత్తనం చల్లిన ముయె, రెండేళ్లుగా గట్టు మీద నిలబడి కోడలు చల్లుతుంటే చూస్తోంది. పంట బాగానే పండింది, కోడలి చెయ్యీ మంచిదే. అయినా తన పొలానికి తనే చుట్టంలా పోయి నిలబడ్డట్టు ఉంటుందని చెప్పింది. వచ్చే బుధవారం మళ్లీ పండుగ.

"ఆయనోళ్లు దొరకకపోతే?" అని అడిగింది బుల్లమ్మ.

"దొరకకపోతే ఏముంది, అట్లనే పోత. కప్పకుండా ఉంటే బాగుండు అని మాత్రం ఒక్కనాడు గూడ అనుకోలే."

బుల్లమ్మ లేచింది. టీ కొట్టతన్ని చెంబు అడిగి, కుండలోంచి చల్లటి నీళ్లు ముంచుకొచ్చింది. ముయె బండ దిగి నేల మీద కూర్చుని కుడిచెయ్యి చాపింది. వేళ్ల సందుల్లో నాట్లకాలపు పాత పగుళ్లు, బొటనవేలి దగ్గర కొడవలి గాటు. బుల్లమ్మ మోకాళ్ల మీద కూర్చుని, నీళ్లు సన్నగా పోస్తూ, తన వేళ్లతో ఆ చేతిని కడిగింది. ముందు అరచెయ్యి, తర్వాత ఒక్కొక్క వేలు. బేరాలాడుతున్నవాళ్లు కొందరు ఆగి చూశారు. అటువైపు ఊళ్లవాళ్లకు సంగతి తెలిసినట్టుంది, ఒక ముసలాయన తలపాగా తీసి పట్టుకున్నాడు.

"మా ఇంటి చెయ్యి ఇన్నేళ్లు నీ దగ్గర పెట్టుకున్నవు అక్కా," అన్నది బుల్లమ్మ. "ఇగ నీ చెయ్యి నువ్వు తీసుకో. నువ్వు చేసిందానికి నా దగ్గర మాట లేదు."

ముయె తడిచేతిని చీరకు తుడుచుకోలేదు. ఎండకు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కొత్తగా కొన్న వస్తువును చూసుకున్నట్టు చూసుకుని, ఒక్కసారి గట్టిగా నవ్వింది. ముందు పళ్లు రెండు లేవు. ఆ నవ్వు చూసి బుల్లమ్మ కూడా నవ్వింది. కడిగిన చేతికి ఆ ఇంటి మెతుకు కూడా పెట్టాలని ముయె చెబితే, అన్నం డబ్బా తెరిచి, పప్పన్నం ముద్ద చేసి ఆ చేతిలో పెట్టింది. ముయె తిని, ఉప్పు సరిపోలేదని మొహమాటం లేకుండా చెప్పింది.

*

అప్పుడు బుల్లమ్మకు గుర్తొచ్చింది. మరి రోడ్డు మీద దొరికాడని పోలీసులు ఎందుకు చెప్పారు?

అది ముయెకు తెలియదు. వాన తెరిపిచ్చాక కూలీలందర్నీ లారీ ఎక్కించి ఇళ్లకు పంపేశారు. అప్పటికి కాశయ్య బస్తాల మీదే, గుడ్డ కిందే ఉన్నాడు. తిరిగి పనిలోకి వెళ్లేసరికి ఆ చోట కొత్తగా నేల పోసి ఉంది. అడిగితే, ఆయనోళ్లు వచ్చి తీసుకుపోయారన్నారు. ఎవరన్నారో ఆమెకు గుర్తు లేదు.

బుల్లమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. కానీ ఆ ముడిని విప్పి చూసే ఓపిక ఆ క్షణాన ఆమెకు లేదు. చేతికి అందిన సంతోషాన్ని కాసేపు పట్టుకునే ఉండాలనిపించింది.

జగర్గుండా బస్సు హారన్ మోగింది. ముయె మూట తీసుకుని లేచి, చెంబుకేసి చూపించింది.

"అవి పారబొయ్యకు. ఇంకొక చేతికి గూడ పొయ్యాలె."

"ఇంకెవరికి?"

"గుడ్డ కప్పాలంటే రెండు కొసలుండవా బిడ్డా? ఆ కొస నేను పట్టుకుంటే, కాళ్లకాడి కొస ఇంకొకాయన పట్టిండు. బండికాడి నుంచి కాళ్లు పట్టి మోసింది గూడ ఆయననే. మా మున్షీ. మా పనులు రాసుకునేటోడు. నీళ్ల సంగతి ఆయనకు అప్పుడే చెప్పిన, మన ఇద్దరి చేతులకూ పొయ్యాలె అని. తల ఊపిండు." ముయె మాల్ వైపు గడ్డం ఎత్తింది. "ఇప్పుడు మెడకు బిళ్ల ఏసుకుని తిరుగుతుండు. ఇంతకుముందు ఫోను చెవిన పెట్టుకుని పోయిండు సూడు, ఆయన."

బస్సు కదిలింది. మెట్టు మీద నిలబడి ముయె కడిగిన చెయ్యి ఊపింది.

బుల్లమ్మ చెంబు పట్టుకుని రోడ్డు దాటింది. నీళ్లు ఒలక్కుండా నడుస్తూ ఒక్కొక్కటే తలుచుకుంది. మాల్ తెరవబోయే ముందు లేబర్ లైన్లకు వచ్చి, ఆమె ఇల్లు వెతుక్కుని, ఆడవాళ్లు కావాలక్కా అని దరఖాస్తు కాగితం చేతిలో పెట్టింది భూషణం. చదువు చాలదని పైవాళ్లంటే తను పూచీ ఉంటానన్నది ఆయన. రోడ్డువైపు అద్దమున్న కౌంటర్ కావాలని ఆమె అడిగితే, ఎందుకని అడగకుండా ఇచ్చింది ఆయన. తన ఇల్లే ఆయన ఎందుకు వెతుక్కుంటూ వచ్చాడో అప్పుడు తోచలేదు. ఇప్పుడు తెలిసింది. చేసిన మేలు చెప్పుకోలేని మొహమాటపు మనిషి, ఇంతకాలం పక్కనే ఉండి, చెయ్యి చాపి అడగలేకపోయాడు. పాపం అనుకుంది. అతని మీద తమ్ముడి మీద కలిగేంత ప్రేమ కలిగింది.

తలుపు దగ్గర గార్డు చెంబు చూసి, లోపలికి నీళ్లు తేకూడదన్నాడు. ఇవి తాగేవి కావని చెప్పి ఆమె నడిచింది.

గోదాం గదిలో అట్టపెట్టెలు కప్పుదాకా ఉన్నాయి. భూషణం వాటి మధ్య ఒక పెట్టె మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. ఆమెను, చెంబును చూసి లేచాడు. ఎందుకు వచ్చిందో అడగలేదు.

"ముయెక్క చెప్పింది సార్. కాళ్లకాడి కొస మీరు పట్టుకున్నరంట. మీరు లేకుంటే ఆయన నీళ్లల్ల పోతుండె. చెయ్యి చాపుండ్రి."

భూషణం రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆ నీళ్లు నాకొద్దక్కా."

"కడుక్కోవాలె సార్. ఆమె చేతికి పోసిన. మీరు గూడ..."

"కప్పింది ఈ చేతులే, అది నిజమే." ఆయన గొంతు చాలా చిన్నగా, స్పష్టంగా ఉంది. ఈ మాటను చాలాసార్లు లోలోపల చదువుకున్నవాడిలా చెప్పాడు. "లారీ వెళ్లిపోయాక, ఆయన్ని మళ్లీ మోసుకెళ్లి రోడ్డు మీద పడుకోబెట్టింది కూడా ఈ చేతులే. భుజాల కింద గుడ్డ ఒత్తింది నేనే. అక్కడ, ఆ నీళ్లలో."

గోడకవతల మైకులో ఎవరో హిందీలో ఇవాళ్టి తగ్గింపులు చదువుతున్నారు.

బుల్లమ్మ చెంబు కింద పెట్టలేదు. నీళ్లు పొయ్యనూ లేదు. పనిలో చేరిన ఇన్నాళ్లకు, మొదటిసారి ఆయన్ని పేరు పెట్టి పిలిచింది.

"ఎవరు చెప్తే పడుకోబెట్టినవ్, భూషణం?"